ఎండని చేప కేసు

“పిల్లను కుట్టినవా, లేదా?” కోటగిరి ఠాణాలో జమాదారు పోశయ్య చీమను గద్దించాడు.

రాజుగారి ఏడో చేప ఎండలేదన్నది కేసు. చేప నేరాన్ని గడ్డిమోపు మీదికి తోసింది. మోపు ఆవు మీదికి, ఆవు జీతగాడి మీదికి, జీతగాడు బువ్వ పెట్టని అవ్వ మీదికి, అవ్వ ఏడ్చే పిల్ల మీదికి, పిల్ల చీమ మీదికి తోసేశారు.

“కుట్టిన సారూ. తీపికి ఆశపడి నా పుట్టల ఏలు వెట్టింది.”

“పుట్టల తీపెక్కడిది?”

“నిన్న ఒకాయన పోతున్న ట్రాక్టర్ల కెల్లి చెరుకుగడ గుంజుకొని, నమిలి, పిప్పంత నా పుట్ట మీద ఉమ్మిండు.”

“ఎవడు వాడు?”

“మొకం కానరాలే సారూ. మా ఎత్తుకు ఎర్రబూట్లే కనబడ్డయి.”

పోశయ్య మెల్లగా బూటుకాళ్లు కుర్చీ కిందికి ముడుచుకున్నాడు. పంటి సందున నిన్నటి చెరుకుపీచు నాలుకకు తగిలింది.

“పిల్ల ఇంకా ఏడుస్తున్నదా?” అన్నాడు, చీమకు మాత్రమే వినబడేంత గొంతుతో.