అట్ట మీది బండ

లాల్‌గడి మలక్‌పేట్ దాటి కొంచెం దూరం పోయాక తారురోడ్డు అయిపోయింది. వినోద స్కూటీని తుమ్మచెట్టు కింద ఆపి, కెమెరా సంచీ భుజాన వేసుకుంది. ఇంకా పొద్దు పొడవలేదు. ముందు గొర్రెలు, వాటి వెనక కాపరి ఓదెలు, ఆయన వెనక ఆమె.

ఇప్పటికి ఇరవైమూడు బండల ఫొటోలు తీసింది. ఇది ఇరవైనాలుగోది.

మొన్నమొన్నటిదాకా ఆమె మేడ్చల్‌లో ఒక స్టూడియో తరఫున పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ ఫొటోలు తీసేది. ఆదివారం మాత్రం ఆమె సొంతం. శామీర్‌పేట చెరువులో కొంగలు, గుట్టల మీద ఎండ, వానకు నల్లబడ్డ రాళ్లు. అవన్నీ ఫోన్‌లో పెడితే అందరూ బాగున్నాయనేవారు. పని మాత్రం ఎవరూ ఇచ్చేవారు కాదు.

"పెండ్లిపిల్ల ఫొటో దించితే పిలిచి అన్నం వెడ్తరు. రాళ్లను దించితే ఏం వెడ్తయే?" అనేది తల్లి దుర్గాబాయి, కుత్బుల్లాపూర్‌లో ఇంటి గడప మీద కూర్చుని బియ్యం ఏరుతూ.

రెండు నెలల కిందట భానుప్రకాశ్ అనే ఆయన ఫోన్ చేశాడు. ఆమె ఫొటోలు చూశాడట. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న పెద్ద పెద్ద బండల మీద, ప్రయాణాలు చేసేవాళ్ల కోసం ఒక పుస్తకం వేస్తున్నాడట. మేడ్చల్, శామీర్‌పేట వైపువన్నీ ఆమే తీయాలి. పుస్తకం మీద ఆమె పేరుంటుంది.

వినోద మర్నాడే స్టూడియో మానేసింది.

ఆయన్ను ఆమె ఎప్పుడూ కలవలేదు. మాటలన్నీ ఫోన్‌లోనే. కానీ అంత శ్రద్ధగా ఫొటోలు చూసే మనిషి ఆమెకు అంతవరకు తగల్లేదు. ఎత్తు తెలిసేలా బండ పక్కన ఒక మనిషిని నిలబెట్టమనేవాడు. పగుళ్లుంటే దగ్గర్నుంచి తీయమనేవాడు. "రాయి వయసు పగుళ్లలోనే కనబడుతుందమ్మా." బస్సు పోవడానికి దారి ఎంత వెడల్పుందో రాయమనేవాడు. ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయో కూడా అడిగేవాడు.

"జనం వచ్చిపోతుంటే చప్పుడవుతుంది కదా. మన వల్ల ఊరివాళ్లకు ఇబ్బంది రాకూడదు."

ఆ మాట విన్న రాత్రి వినోద తల్లితో అంది. "పెద్దమనిషంటే గట్లుండాలె అమ్మా."

గుట్ట మలుపు తిరగగానే ఆమె ఆగిపోయింది. మూడంతస్తుల మేడంత బండ. దాని నెత్తిన ఇంకో బండ, ఎవరో తెచ్చి ఒక కొసన నిలబెట్టినట్టు. ఆ రెండింటి సందులోంచి గుడ్లగూబ ఒకటి రెప్ప వేయకుండా చూస్తోంది. అడుగున నీడలో చిన్న నీటిగుంట. గొర్రెలు ఎవరూ తోలకుండానే అటు పోయాయి.

"గీడికి ఎవల్నీ తోల్కరాలే," అన్నాడు ఓదెలు. "ఎండకాలంల బోర్లన్నీ ఎండిపోయినా గా గుంటల నీళ్లుంటయి. మా నాయిన గొర్లు తాగినయి. నా గొర్లు తాగుతున్నయి."

"మరి నన్నెందుకు తోల్కొచ్చినవ్ కాకా?"

"నెల దినాల సంది సూస్తున్న. బండ ఎక్కాలంటే నువ్వు చెప్పులిడుస్తవ్."

ఓదెలు గొంతు తగ్గించాడు.

"ఒక్కటే మాట బిడ్డా. పుస్తకంల ఫొటో ఏసుకో. తొవ్వ మాత్రం ఎవలకు జెప్పకు. తాగనీకి వచ్చెటోళ్లు సీసలు వలగ్గొడ్తరు. గొర్ల కాళ్లు తెగుతయి."

"చెప్ప కాకా. నా మీద ఒట్టు."

ఎండ వచ్చింది. రెండు బండల సందులోంచి వెలుగు గీతలా దూసుకొచ్చి ఓదెలు తలపాగా మీద పడింది. నొక్కిన క్షణంలోనే వినోదకు తెలిసిపోయింది. ఇన్నాళ్లూ తిరిగింది ఈ ఒక్క ఫొటో కోసమే.

సాయంత్రం భానుప్రకాశ్ తనే ఫోన్ చేశాడు.

"ఇది అట్ట మీద వేస్తానమ్మా. ఎక్కడిది?"

"తొవ్వ చెప్పొద్దన్నరు సార్. మాటిచ్చిన."

ఆయన కోపగించుకోలేదు. "ఎక్కడుందో చెప్పలేని చోటును ప్రయాణాల పుస్తకంలో ఎలా వేస్తాం? మీ మాట మీరు నిలబెట్టుకోండి. అట్టకు ఇంకొకరి ఫొటో చూసుకుంటాను."

ఇంకొకరి ఫొటో. ఆ మాట ఆమెను రెండు రోజులు అన్నం తిననివ్వలేదు. పుస్తకం కొని చదివేవాళ్లు సీసాలు పగలగొట్టరు కదా అనుకుంది. పిల్లల్ని తీసుకుని వస్తారు, చూస్తారు, పోతారు. ఓదెలుకు అట్ట మీద తన బొమ్మ చూపిస్తే తనే సంతోషిస్తాడు అనుకుంది. మూడో రోజు పొద్దున తారురోడ్డు అయిపోయే చోటు నుంచి గుట్ట మలుపు దాకా ప్రతి గుర్తూ రాసి పంపింది.

నిమిషంలో జవాబొచ్చింది. "మీకు మంచి భవిష్యత్తుందమ్మా."

పన్నెండు రోజులు గడిచాయి. వినోద గండిమైసమ్మ చౌరస్తాలో ప్రింటింగ్ షాపు ముందు నిలబడి, అప్పుడే చేతికొచ్చిన విజిటింగ్ కార్డుల కట్ట విప్పింది. పైన ఆమె పేరు. కింద 'ప్రయాణ ఛాయాచిత్రాలు'. ఆ అక్షరాల మీద బొటనవేలితో తడిమి చూసుకుంది.

ఫోన్ మోగింది. ఓదెలు. వెనక గొర్రెలు అదేపనిగా అరుస్తున్నాయి.

"చెప్పు కాకా. పుస్తకం ఇంక రాలే. రాంగనే మొదటిది నీకే తెస్త."

ఓదెలు గొంతులో కోపం లేదు.

"నీ పుస్తకం సారు వచ్చిండు బిడ్డా, కంకర మిషన్ గాయినదేనట, నీ ఫొటో చేతుల వట్టుకొని బండ పేల్చనీకి మందు వెట్టిపిస్తాండు."