కోతిమనిషి జాడ

భర్త బురదలో మోకాళ్లూని, పెద్ద అడుగుజాడలో ప్లాస్టర్ పిండి కలిపి పోస్తున్నాడు.

"దొరికాడా మీ కోతిమనిషి?" భార్య మూతి విరిచింది.

"ఈ అచ్చు చూస్తే లోకమే నమ్ముతుంది."

"ఆ గోళ్ల గుర్తులు కనబడటం లేదూ? అది ఎలుగుబంటి! ఎలుక కోసం కొండ తవ్వినవాళ్ల గురించి విన్నాను గానీ, లేని కోతి కోసం వారం వారం అడవులు గాలించే మనిషిని మిమ్మల్నే చూశాను."

"ఎలుగుదేనని నాకూ తెలుసు."

"తెలిసీ పోస్తున్నారా? ఏం పోయేకాలం?"

అతను తలెత్తలేదు. "మీ అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో ఊ, ఆ తప్ప నీ నోట మాట లేదు. అడవికొస్తేనే నోరారా తిడుతున్నావు."

 ఆమె వంగి, అతని భుజం పట్టి లేపింది.

"ఏం మొగుడో, నా ఖర్మ! నడవండి. వాగు అవతల ఇంకా వెతకలేదుగా!"