తొమ్మిది నిమిషాలు

"బాబూ, ఆ కంప్యూటర్లో టైము తప్పుగా ఉంది."

ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగుతున్న కంప్యూటర్ మెకానిక్ తలెత్తలేదు.

అతని ప్రాణం అక్కడ లేదు. వరండాలో ట్రాలీ మీద వాళ్ళమ్మ ఎగశ్వాసతో కొట్టుకుంటోంది. రెండో కౌంటర్లో చీటీ తీసుకుని అక్క పక్కనే నిలబడింది. ఆసుపత్రి మొత్తానికి ఖాళీగా ఉన్న ఆక్సిజన్ బెడ్ ఒక్కటే. చీటీ మీద ఎవరి టైము ముందుంటే బెడ్ వాళ్ళది. ఉద్యోగి తల్లైనా సరే, దేవుడి తల్లైనా సరే, సిఫార్సులు చెల్లవు.

"ఏ కంప్యూటరు?"

"మొదటి కౌంటర్లోది. తొమ్మిది నిమిషాలు వెనకుంది. అక్కడ చెబితే మీకే చెప్పమన్నారు."

గడ్డం మీద ప్లాస్టర్ వేసుకున్న పెద్దమనిషి. గుప్పిట్లో చీటీ నలిగిపోతోంది.

"తొమ్మిది నిమిషాలకి కొంపలేం మునిగిపోవు లెండి."

"అలా అనకు నాయనా. మాకంటే ముందొచ్చినవాళ్ళు..."

"మాకంటే ముందు, మాకంటే వెనక! పొద్దున్నుంచీ అందరిదీ ఇదే గోల. అవతల మా అమ్మ చావుబతుకుల్లో ఉందండీ. మీకు దణ్ణం పెడతాను, వెళ్ళండి!"

ఆయన గుప్పిట్లో చీటీని ఒకసారి చూసుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి బెడ్ కోసం వేరెవరి పేరో పిలిచారు. మొదటి కౌంటరు చీటీ, పది గంటల నాలుగు నిమిషాలు. అమ్మది పది తొమ్మిది.

"బయల్దేరేముందు ఇంటి తాళంచెవి కోసం వెతుకుతూ కూర్చున్నాన్రా! అదే కొంప ముంచింది," అక్క తల బాదుకుంది.

మధ్యాహ్నం అమ్మ ఆ ట్రాలీ మీదే పోయింది.

రెండు వారాల తర్వాత అతను పనిలోకి వచ్చేసరికి బల్ల మీద ఫిర్యాదు: రెండు కౌంటర్ల టైములు కలవడం లేదు.

కూర్చుని చూశాడు. ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ సర్వర్ని అడిగి టైము దిద్దుకుంటాయి. రెండో కౌంటరు సెకనుతో సహా సరిపోయింది. మొదటిది మాత్రం ఇంకా పాత సర్వర్నే అడుగుతోంది. ఆ పాత సర్వర్ని ఊడదీసి స్టోర్‌రూములో పడేసింది తనే. మిగతా అన్నిటికీ కొత్త అడ్రసు ఇచ్చాడు, దీన్ని మరిచిపోయాడు. అడిగినదానికి జవాబు చెప్పే దిక్కు లేక, అది రోజుకి కాస్త చొప్పున వెనకబడుతూ వచ్చింది.

అమ్మ పోయిన రోజుకి ఎంత వెనకబడిందో రికార్డులు తీసి చూశాడు.

సరిగ్గా తొమ్మిది నిమిషాలు.

అంటే ఆ చీటీ పది నాలుగుది కాదు, పది పదమూడుది. అమ్మే ముందు.

అక్కకి ఫోన్ చేశాడు.

"నీ తాళంచెవి కాదక్కా. నేనే. నా చేతులారా నేనే చంపుకున్నాను."

అంతా విని అక్క చాలాసేపు ఏడ్చింది.

"మరి అమ్మ బెడ్డు తన్నుకుపోయినవాడు ఎవడ్రా?"

పళ్ళు నూరుతూ ఆ చీటీ వివరాలు తెరిచాడు.

పేషెంటు, ఇరవై రెండేళ్ళ అమ్మాయి. వెంట వచ్చింది, తండ్రి. ఆ పక్కనే, కౌంటర్లో తీసిన ఆయన ఫోటో.

గడ్డం మీద ప్లాస్టర్.

టైము దిద్దితే బెడ్ పోయేది తన కూతురికేనని తెలిసే, ఆ తండ్రి ఆ రోజు అతని దగ్గరికొచ్చాడు.