మామ్మ హామీ

"ఇంతవరకు ఒక్క అప్పూ చెయ్యలేదా అమ్మా? మరి తీరుస్తారని నమ్మేదెలా?" అన్నాడు బ్యాంకు ఆఫీసరు, మామ్మ పక్కన కూర్చున్న మనవరాలితో.

"అప్పన్నది మా ఇంటా వంటా లేదు బాబూ," అంది మామ్మ గర్వంగా.

"అదేనండీ చిక్కు!" అని నవ్వి, కారు లోను కాగితం ఆమె ముందుకు జరిపాడు. "మీ పెన్షను ఇక్కడికే వస్తుందిగా. మనవరాలికి మీరు హామీ సంతకం పెట్టండి."

మామ్మ కాగితాన్ని ముట్టుకోలేదు. తన ఇంట్లోంచి బండెక్కి వెళ్లినవాళ్లెవరూ మళ్లీ గడప తొక్కలేదు. కారొస్తే ఈ పిల్లా అంతే.

"కళ్లజోడు మరిచొచ్చాను. ఇంకోసారి చూద్దాం."

"ఇంకోసారి ఎక్కడిది మామ్మా?" అంది మనవరాలు. "నన్ను ఊరవతల ఆసుపత్రికి మార్చారు. డ్యూటీ దిగేసరికి బస్సులుండవు. కారుంటే రోజూ ఇంటికొస్తాను. లేదంటే అక్కడే గది చూసుకోవాలి."

"ఒక్క ముక్కైనా చెప్పలేదేమే?"

"చెబితే బెంగపెట్టుకుంటావనీ..."

మామ్మ సంచిలో చెయ్యి పెట్టి కళ్లజోడు తీసింది.

మనవరాలు జోడు వంకా, మామ్మ వంకా చూసింది. కలం తీసి అందించింది.

"ఎక్కడ పెట్టాలి బాబూ?" అంది మామ్మ. కళ్లజోడు పెట్టుకున్నా సంతకం గీత దాటిపోయింది.