చిన్నతాయి మేకలు

"చేవ్రాలు పెట్టు మే, ఆఫీసరు మననే చూస్తా ఉండాడు" అని కృష్ణసామి పెళ్ళాన్ని తొందరపెట్టాడు.

కోవిల్‌పట్టి బ్యాంకులో చిన్నతాయి ఒక చేత డిపాజిట్ దుడ్డు తీసే కాగితం, ఒక చేత పెన్ను పట్టుకొని కదలకుండా కూర్చుంది. పోయిన నెలే మిల్లులో రిటైరైన కృష్ణసామికి, శివకాశి సావాసగాడితో కలిసి టపాకాయల కొట్టు పెట్టాలని ఒకటే ఉబలాటం. ఇన్నేళ్ళ జీతం దుడ్డంతా ఆమె పేరున డిపాజిట్లో ఉంది.

"నా పేరున ఎందుకు వేస్తిరి?"

"పన్ను తప్పుతుందని. నీకు తెలీదా?"

"మీ ఆడమనిషికి ఇంత దుడ్డు ఎక్కడిదని విరుదునగరు ఆడిటరు అడిగితే ఏం చెప్తిరి?"

ఆఫీసరుకు తెలుగు రాదని తెలిసినా కృష్ణసామి గొంతు తగ్గించాడు. "మేకలు మేపి కూడబెట్టిందని చెప్తిని. ఏదో ఒకటి చెప్పాల కదా!"

"అంటే, అబద్దం చెప్తిరా?"

అవునని అతని నోటిదాకా వచ్చింది. అంతలో, మిట్టమధ్యాహ్నం రేగడి చేలల్లో మేకల వెంట నడిచే చిన్నతాయి అతని కళ్ళల్లో మెదిలింది. ఆమె ఎట్టయాపురం సంతలో మేకపోతులను అమ్ముకొచ్చిన దుడ్డుతోనే ఇన్నేళ్ళూ ఇల్లు గడిచింది. అందుకే కదా, తన జీతం ముట్టుకోకుండా బ్యాంకుకు చేరింది!

"లేదు మే. నిజమే చెప్పినట్టుండా" అన్నాడు మెల్లగా.

ఆమె చేతిలోని కాగితం తనే తీసుకొని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తల గోక్కున్నాడు.

"అయితే, నెలనెలా నాకేమన్నా ఇస్తావా?"

చిన్నతాయి పెన్ను మూత బిగించింది.

"రేపటినుంచి మేకల్ని తోలుకుపోండి. చూస్తాం."