సుబా

"తిరుగుతానే ఉండాది నాయనా," అంటూ వరలక్ష్మమ్మ సెల్‌ఫోన్ చాచింది.

తెర మీద ఒక చక్రం తిరుగుతోంది. అంతకు మించి ఏమీ లేదు.

తిరుపతి స్టేషన్ దగ్గరి ఆ సత్రంలో ఎనిమిది గదులు ఖాళీ. కానీ కొత్త వెబ్‌సైట్లో పేరు ఎక్కనిదే తాళం ఇవ్వకూడదు. పలమనేరు నుంచి వచ్చిన ఆ ముసలామె మోకాళ్లు పట్టుకుని మెట్ల మీదే కూర్చుంది.

సత్రం కార్యదర్శి యోగానంద తన మేనల్లుడు సునీల్‌కుమార్‌కు ఫోన్ చేశాడు. వెబ్‌సైట్ చేసింది అతనే.

"ఫోను మార్సుకోమను మామా! పెద్ద పెద్ద కంపెనీలు వాడే ఫ్రేమ్‌వర్క్ పెట్టినా."

"పాతది టక్కున తెరుసుకునేది గదరా?"

"అదీ నేనే గదా సేసింది, పన్నెండేండ్లు సూసుకున్నా."

"సూసుకున్నావులే! పేజీ అడుగున శుభం అని రాసేది గూడా రాలేదు. సుబా అంట!"

సునీల్ నవ్వాడు. "సున్నా బదులు దీర్ఘం పడింది మామా."

ముసలామె పక్కనున్న గుడ్డసంచి మనిషి లేచి బల్ల దగ్గరికి వచ్చాడు.

"గది ఉండాదా లేదా అని సెప్పేదానికి ఇంత బరువెందుకు సామీ? ఆయమ్మ ఫోను మోయలేదు. మామూలు పేజీ సాలు. నొక్కితే ఆ ఒక్క ముక్క మారితే సాలు. పాతది నాకాడ ఉండాది, పెట్టుకోండి."

పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాడు.

"మావోడు సేసింది నీ సేతికెట్లొచ్చె? దొంగిలించినావా?"

ఆ మనిషి సంచి కింద పెట్టాడు.

"మీవోడు సేసినానన్నాడా?"

"మరి నువ్వు సేసినావా?"

"సరే సామీ."

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

ముసలామె మూలుగు వినలేక యోగానంద ఆ పెన్‌డ్రైవ్‌ను ఆఫీసు కంప్యూటర్‌కు పెట్టాడు. రెప్ప వేసేలోగా పాత పేజీ తెరుచుకుంది. పేరు, ఊరు కొట్టి నొక్కాడు. పేజీ కదల్లేదు. మూడో గది ఎదురుగా 'ఖాళీ' అన్న మాట మాత్రం 'వరలక్ష్మమ్మ' అయింది.

తాళం ఇస్తూ అడిగాడు. "ఆయన యాడమ్మా?"

"దొంగ అన్నాక ఉంటాడా నాయనా? పాయె."

"పేరన్నా సెప్పినాడా?"

"నేనే అడిగినా. సుభాన్ బాషా అంట."

గోవిందా అనుకుంటూ యోగానంద పేజీ అడుగుకు చూశాడు.

'సుబా' - అందులో ఏ తప్పూ లేదు.