నొప్పి లేని కాన్పు

కండక్టరమ్మ మంచం అంచు పట్టుకుని పళ్ళు బిగించింది. పన్నెండేళ్ళుగా కిక్కిరిసిన బస్సును ఒక్క కేకతో వెనక్కి సర్దిన గొంతు ఆమెది. ఇప్పుడా గొంతుకు కాన్పుల గది కిటికీలు అదురుతున్నాయి.

ఎదురుగా గోడ మీద నవ్వుతున్న తల్లి బొమ్మ. కింద పెద్ద పెద్ద అక్షరాలు: ‘నొప్పి లేని కాన్పు మా ప్రత్యేకత’. బొమ్మలో ఆ మహాతల్లికి జుట్టు కూడా చెదరలేదు. బిడ్డను ఎవరో తెచ్చి చేతిలో పెట్టినట్టున్నారు.

"నడుముకిచ్చే ఆ ఇంజెక్షన్ ఇప్పించండి," అంది మొగుడితో.

జవాబు అత్తగారు చెప్పింది. "ఇంజెక్షనా? నేను నలుగుర్ని కన్నాను. కిక్కురుమన్నానా? నొప్పి తెలియకపోతే బిడ్డ మీద ప్రేమ ఎక్కణ్ణించి వస్తుందే?"

"అమ్మ చెప్పిందీ నిజమే," అన్నాడు మొగుడు. "కాస్త ఓర్చుకో. ఎంతసేపూ, ఇంకో ఆరేడు గంటలు."

పోయిన నెల ఈయనగారు పన్ను పీకించుకున్నారు. నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకుని కూడా కుర్చీలోనే కళ్ళు తేలేశారు. "నువ్వు డాక్టరువా, కసాయివా?" అని అత్తగారు ఆ పళ్ళ డాక్టర్ని దులిపేసింది. నొప్పి తెలిస్తే పంటి మీద ప్రేమ పెరుగుతుందని అప్పుడామెకు తోచలేదు.

మళ్ళీ నొప్పి వచ్చింది. కండక్టరమ్మ మొగుడి చెయ్యి దొరకబుచ్చుకుని, తనకెలా ఉందో వేళ్ళతోనే వివరంగా చెప్పింది.

"సిస్టర్! ఆ ఇంజెక్షన్ ఒప్పుకోలు కాగితం ఇలా ఇవ్వండి, సంతకం పెడతాను!" అని అరిచాడతను.

సంతకం పడింది. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. గంట గడిచినా ఆ ఇంజెక్షన్ ఇవ్వాల్సిన మత్తు డాక్టర్ జాడ లేదు.

"అసలు డ్యూటీకి వచ్చాడా, లేదా?" అంది కండక్టరమ్మ.

"పొద్దున్నే వచ్చారమ్మా," అంది నర్సు చూపు తప్పించి. "ఇప్పుడు లేచే పరిస్థితిలో లేరు."

"లేవలేనంత ఏం మెక్కాడు మహానుభావుడు? పడుకున్నాడా ఏంటి?"

"ఆ... పడుకునే ఉన్నారు. ఇంకో ఆస్పత్రి నుంచి వేరే డాక్టర్ని పిలిచాం. దారిలో ఉన్నారు."

దారిలో ఉన్నారంటే ఏమిటో కండక్టరమ్మకు బాగా తెలుసు. బయల్దేరని బస్సు గురించి తనూ అలాగే చెబుతుంది. ఇక ఇంజెక్షన్ రాదేమో అనుకునేసరికి మొదటిసారి ఆమెకు భయం వేసింది, ఏడుపొచ్చింది.

అంతలో తెర అవతల, రెండో మంచం మీంచి ఓ కేక. "ఈ ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇచ్చే దిక్కే లేదా!"

కండక్టరమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అక్కా, నీకూ ఇవ్వలేదా?"

"లేదు తల్లీ! రెండు గంటలుగా చస్తున్నాను."

"ఇద్దరం కలిసి ఆ డాక్టర్ మీద ఫిర్యాదు రాసిపడేద్దాం. సంతకం పెడతావా?"

తెర వెనక నవ్వో మూలుగో తెలియని చప్పుడు. "రాయి. మొదటి సంతకం నాదే. ఏడాదిగా మొత్తుకుంటున్నాను, ఒక్కడంటే ఒక్కడు వింటేనా!"

"విన్నారా అత్తయ్యా? ఏడాదిగా ఇదే భాగోతమట!"

అత్తగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంజెక్షన్ వద్దన్నది తనే కావచ్చు. అలాగని ఇస్తామన్నవాళ్ళు ఇవ్వకపోతే ఊరుకునే మనిషి కాదు. కొంగు బిగించి లేచింది.

"ఆడవాళ్ళు ఇక్కడ అల్లాడిపోతుంటే వాడికి పడకేంటి? ఏ మంచం మీద ఉన్నాడో చూపించు, జుట్టు పట్టుకుని లాక్కొస్తాను!"

నర్సు గబగబా వచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసి, "మెల్లిగా అనండమ్మా, మా ఆస్పత్రి మొత్తానికీ ఉన్న ఒక్కగానొక్క మత్తు డాక్టర్ ఆ తెర వెనక నొప్పులు పడుతున్నావిడే," అంది.